పరుగుకి కాస్త మిగల్చండి

సైకిల్ కొనకముందే ఈత నేర్చుకోండి.

ట్రయథ్లాన్ చేయాలనుందని సలహా అడిగేవాళ్లలో చాలామందికి ఈ మాట రుచించదు. అప్పటికే ఏ సైకిల్ కొనాలో చూసిపెట్టుకుని ఉంటారు. ఫ్రేము అల్యూమినియందా, కార్బన్‌దా అన్నది తేలిస్తే చాలంటారు. పరుగు ఎలాగూ రోజూ ఉంది, సైకిల్ చిన్నప్పుడే వచ్చు, ఈత సంగతి చివర్లో చూసుకుందాం అనుకుంటారు. వచ్చిన పనిని మళ్లీమళ్లీ చేయడంలో సుఖం ఉంటుంది. రాని పని రేపటికి జరుగుతూ పోతుంది. ఉద్యోగంలోనూ, చదువులోనూ ఈ అలవాటుతో ఎలాగోలా నెట్టుకురావచ్చు. ఈ ఆటలో కుదరదు, ఎందుకంటే మొదట వచ్చేదే ఈత. అది దాటి గట్టెక్కితేనే మీ సైకిల్ మీ చేతికొస్తుంది.

చిన్న ఊళ్లలో జరిగేవి ఎక్కువగా ‘స్ప్రింట్’ దూరం పోటీలు. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. దీనికి సరిగ్గా రెట్టింపు ఒలింపిక్ దూరం. 2000లో సిడ్నీలో ట్రయథ్లాన్‌ను మొదటిసారి ఒలింపిక్స్‌లో చేర్చినప్పటి నుంచీ అదే కొలత. ఐరన్‌మ్యాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన పూర్తి మారథాన్. ఈ ఏడాదికి ఆ పేరు పక్కనపెట్టండి. ఓ మాదిరిగా సాధన చేసిన కొత్తవాళ్లు స్ప్రింట్‌ని గంటన్నర నుంచి రెండు గంటల్లో ముగించగలరు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్న మనిషికి ఇది అందే దూరం.

చిన్న పోటీ కదా అని తక్కువగా చూడకండి. ఈ ఆట పుట్టిందే అలా. 1974 సెప్టెంబరు 25న, బుధవారం సాయంత్రం, అమెరికాలోని శాన్ డియాగో ట్రాక్ క్లబ్‌వాళ్లు మిషన్ బే దగ్గర సరదాగా ఒక పోటీ పెట్టారు. పాల్గొన్నది 46 మంది. ముందు పరుగు, తర్వాత సైకిల్, చివర ఈత. వెనకబడినవాళ్లు నీళ్లలో ఉండగానే చీకటి పడిపోతే, గట్టు మీదున్న కార్ల హెడ్‌లైట్లు వేసి వాళ్లకి దారి చూపించారు. ఆ రోజు పోటీలో దిగినవాళ్లలో జాన్ కాలిన్స్, జూడీ కాలిన్స్ దంపతులు ఉన్నారు. 1978లో హవాయిలో మొదటి ఐరన్‌మ్యాన్‌కి రూపం ఇచ్చింది వాళ్లే. అందులోనూ బయల్దేరింది 15 మందే, పూర్తిచేసింది 12 మంది. అలసిపోయిన మనిషిని నీళ్లలోకి దింపడం ప్రమాదం కాబట్టి ఇప్పుడు ఈతను ముందు పెడుతున్నారు. ఆ వరసను గుర్తుపెట్టుకుంటే మిగతా సాధన అంతా దాని చుట్టూ అమర్చుకోవచ్చు.

బెండు కట్టుకుని దిగుడుబావిలోనో, పంటకాలువలోనో ఈత నేర్చిన తరం మనకింకా ఉంది. మీరు వాళ్లలో ఒకరైతే అదృష్టవంతులు. నీళ్లంటే భయం పోవడానికే కొందరికి నెలలు పడుతుంది. కానీ తల పైకెత్తి, కాళ్లు కిందికి వేలాడేసి ఈదే ఆ ఈతతో 750 మీటర్లు వెళితే మెడ, నడుము పట్టేస్తాయి, సైకిల్ ఎక్కేసరికి ఒంట్లో శక్తి ఉండదు. మొహం నీళ్లలో పెట్టి, ఒళ్లు నీటిమట్టానికి సమాంతరంగా చాచి, పక్కకి తిరిగి గాలి పీల్చే ఫ్రీస్టైల్ నేర్చుకోవాల్సిందే.

అందులో అసలు కష్టం చేతులది కాదు, ఊపిరిది. మునిసిపల్ స్విమ్మింగ్ పూల్‌లో ఒక కోచ్ నేర్పడం చూశాను. నలభై దాటిన బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ పది గజాలు ఈదగానే గోడ పట్టుకుని రొప్పుతున్నారు. “గాలి చాలట్లేదు సార్” అన్నారు. ఆయన “పీల్చుకోవడం తర్వాత మేడమ్, ముందు వదలండి. లోపలున్నది బయటికి పోకుండా కొత్తది ఎక్కడ పడుతుంది?” అన్నాడు. ఆ పూట ఆవిడ చేత ఈత కొట్టించనే లేదు. గోడ పట్టుకుని, మొహం నీళ్లలో ముంచి, ముక్కుతో నోటితో బుడగలు బుడగలుగా గాలి వదలడం, తల పక్కకి తిప్పి ఒక్క గుక్క పీల్చడం, మళ్లీ ముంచడం. అంతే. కొత్తవాళ్లు నీళ్లలో ఊపిరి బిగబడతారు. అప్పుడు ఒంట్లో కార్బన్ డై ఆక్సైడ్ పేరుకుంటుంది. ఊపిరాడట్లేదనే ఆరాటం దాన్నుంచే పుడుతుంది. నీళ్లలో ఉన్నంతసేపూ గాలి వదులుతూ ఉంటే ఆ ఆరాటం చాలావరకు తగ్గుతుంది. మీరు కూడా మొదటి వారాలు దీనికే ఇవ్వండి. చేతులు ఎలా వేయాలన్నది ఆ తర్వాత దానంతటది దారికొస్తుంది.

25 మీటర్ల పూల్‌లో 30 పొడవులు ఈదితే 750 మీటర్లు. పోటీ నాటికి ఆగకుండా 1000 మీటర్లు ఈదగలగాలి, నెమ్మదిగానైనా సరే. ఆడవాళ్లకి ఇక్కడ ఒక అదనపు చిక్కు ఉంది. చాలా ఊళ్లలో లేడీస్ బ్యాచ్ పొద్దెక్కాకో, మధ్యాహ్నమో పెడతారు. ఉద్యోగం చేసేవాళ్లకి ఆ వేళ కుదరదు. నలుగురైదుగురు కలిసి పూల్ నడిపేవాళ్లని అడిగితే పొద్దున్న ఒక గంట ఇప్పించుకోవచ్చు. ఒక్కరే అడిగితే చూద్దాంలెండి అంటారు. ఒళ్లంతా కప్పే ఫుల్ స్లీవ్ స్విమ్ సూట్లు దొరుకుతున్నాయి. పోటీలో వాటిని అనుమతిస్తారో లేదో నిర్వాహకులని ముందే అడగండి.

పూల్‌లో వచ్చిన ఈత చెరువులో సగమే పనిచేస్తుంది. అడుగున నల్ల గీత ఉండదు, పట్టుకోవడానికి గోడ ఉండదు. మన చెరువుల్లో నీళ్లు మట్టిరంగులో ఉంటాయి, మీ చెయ్యే మీకు కనపడదు. గుర్రపుడెక్క, తూటికాడ ఉన్న వైపు వెళ్లకండి, కాళ్లకి చుట్టుకుంటాయి. దిగే మెట్ల మీద పాచి ఉంటుంది. ఆరేడు బారలకోసారి కళ్లు మాత్రం నీటిపైకి తెచ్చి, ఎదురుగా ఉన్న గుడి గోపురమో, తాటిచెట్టో, నిర్వాహకులు కట్టిన రంగు బుడగో చూసుకుని దిశ సరిచేసుకోవాలి. లేకపోతే 750 మీటర్లు కాస్తా 900 అవుతుంది. ఒంటరిగా ఎప్పుడూ దిగొద్దు. నడుముకి కట్టుకునే నారింజ రంగు గాలిసంచి ఒకటి కొనుక్కోండి. ఈతకి అడ్డురాదు, దూరం నుంచి కనపడుతుంది, అవసరమైతే పట్టుకుని తేలొచ్చు. పారుతున్న కాలువలో సాధన మాత్రం వద్దే వద్దు. పైకి నిమ్మళంగా కనపడే నీళ్లు తూముల దగ్గర, వంతెనల దగ్గర లోపలికి లాగేస్తాయి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అమెరికాలో 1985 నుంచి 2016 దాకా ట్రయథ్లాన్ పోటీల్లో జరిగిన మరణాలు, గుండె ఆగిన సంఘటనలు కలిపి 135 కేసులను డాక్టర్లు పరిశీలించారు. వాటిలో 90 ఈతలోనే జరిగాయి. బాధితుల సగటు వయసు 47కి దగ్గర, ఎక్కువమంది మగవాళ్లు. చనిపోయిన కొందరి గుండెలో వాళ్లకే తెలియని జబ్బు బయటపడింది. లక్షలమంది పాల్గొనే ఆటలో ఇది చిన్న సంఖ్యే. అయినా నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు సాధన మొదలుపెట్టకముందే డాక్టర్‌ని కలవాలి. పరిగెత్తినప్పుడు ఛాతీలో బరువు, కళ్లు తిరగడం ఉంటే దాన్ని అలసట కింద కొట్టేయకండి. పోటీకి పేరిచ్చే ముందు నిర్వాహకులని మొహమాటం లేకుండా అడగండి. నీళ్లలో గజ ఈతగాళ్లు ఎంతమంది ఉంటారు? పడవలున్నాయా? అంబులెన్స్ గట్టు మీదే ఉంటుందా? నీళ్ల నాణ్యత చూశారా? సరైన జవాబు రాకపోతే ఆ పోటీ వదిలేయండి. ఇంకోటి వస్తుంది.

పోటీ రోజు ఈల మోగగానే అందరూ ఒక్కసారి మీద పడతారు. మోచేతులు, మడమలు తగులుతాయి. సాధనలో నిదానంగా ఉన్న గుండె ఆ మొదటి రెండు నిమిషాల్లో దడదడలాడుతుంది. అందుకని మీరు వెనక వరుసలో, ఓ పక్కగా నిలబడండి. ముందువాళ్లు వెళ్లాక పది లెక్కపెట్టి దిగండి. పోయేది పది సెకన్లు. ఊపిరి అదుపు తప్పితే వెల్లకిలా తిరిగి తేలండి, చెయ్యి పైకెత్తండి. పడవని పట్టుకుని సేదతీరడం నిబంధనలకి విరుద్ధం కాదు. దాన్ని పట్టుకుని ముందుకి సాగకూడదు, అంతే. ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఈ సంగతి తెలియక, చెయ్యెత్తితే పోటీ నుంచి తీసేస్తారనుకుని అవస్థ పడేవాళ్లు చాలామంది. ఒడ్డు ఓ యాభై మీటర్లలో ఉందనగా కాళ్లు కాస్త గట్టిగా ఆడించండి. అప్పటిదాకా అడ్డంగా ఉన్న ఒళ్లు ఒక్కసారి నిలబడితే తల తిరుగుతుంది.

ఒడ్డెక్కి సైకిల్ ఎక్కేదాకా గడిచే సమయాన్ని కూడా మీ లెక్కలో వేస్తారు. దాన్ని ట్రాన్సిషన్ అంటారు. ఇక్కడ వేగం కన్నా వరస ముఖ్యం. మీకిచ్చిన స్టాండు దగ్గర చిన్న తువ్వాలు పరవండి. హ్యాండిల్ మీద హెల్మెట్ బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి, పట్టీలు రెండూ బయటికి తీసి ఉంచండి. అందులో కళ్లజోడు. కింద బూట్లు, నాడాలు వదులు చేసి, సాక్సులు మడమ దాకా చుట్టి, లోపల కాస్త పౌడరు చల్లి. పక్కన ఒక నీళ్ల సీసా, కాళ్లకంటిన బురద కడుక్కోవడానికి. నంబరు ఉన్న బెల్టు, టోపీ అన్నిటికన్నా వెనక, ఎందుకంటే వాటి అవసరం పరుగులో. హెల్మెట్ పెట్టి క్లిప్పు బిగించాకే సైకిల్‌ని ముట్టుకోవాలి. తిరిగొచ్చాక సైకిల్‌ని స్టాండుకి తగిలించాకే క్లిప్పు తీయాలి. గీత దాటేదాకా సైకిల్ ఎక్కకూడదు, నడిపించుకుంటూ వెళ్లాలి. తడి చేతులతో, రొప్పుతూ ఉన్నప్పుడు బుద్ధి పనిచేయదు. ఇంటి డాబా మీద బకెట్టు నీళ్లు ఒంటిమీద పోసుకుని ఈ వరసని సాధన చేయండి. పోటీ ముందురోజు గట్టు మీదనుంచి మీ స్టాండు దాకా ఒకసారి నడిచి చూడండి.

ఇక సైకిల్. ఇంట్లో ఉన్నదే చాలు, గేర్లుంటే మేలు. రెండు బ్రేకులూ పట్టాలి, టైర్లలో గాలి సరిపడా ఉండాలి, హ్యాండిల్ చివర్లు తెరిచి ఉండకుండా మూతలుండాలి. పడితే ఆ గొట్టం కడుపులో గుచ్చుకుంటుంది. చాలా పోటీల్లో ముందున్న సైకిల్‌కి ఆనుకుని వెళ్లి గాలి తప్పించుకోవడం నిషేధం. ఎంత ఎడం ఉండాలో ముందే చెబుతారు. చిన్న ఊళ్లలో రోడ్డు పూర్తిగా మూసేయడం అరుదు. ఆర్టీసీ బస్సూ వస్తుంది, గేదెలూ వస్తాయి, మలుపులో ఆరబోసిన వడ్లూ ఉంటాయి. కుక్క వెంటపడితే వేగం పెంచకుండా దిగి, సైకిల్‌ని దానికీ మీకూ మధ్య పెట్టి నిలబడండి. చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. ముందే ఒకసారి ఆ దారిలో తిరిగొస్తే గుంతలు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

ఈ అధ్యాయంలో నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడుంది. నీళ్లలోనుంచి బయటపడ్డ హుషారు మామూలుది కాదు. గండం గడిచిందన్న ధైర్యం వస్తుంది. కాళ్లు తాజాగా ఉంటాయి. ముందున్నవాళ్లని ఒక్కొక్కరినే దాటుతుంటే ఇంకా తొక్కాలనిపిస్తుంది. కొత్తవాళ్లు తమ పరుగుని పోగొట్టుకునేది సరిగ్గా ఆ ఇరవై కిలోమీటర్లలోనే. ఈతలో బలహీనతని ఓర్చుకున్నట్టే, సైకిల్ మీద బలాన్ని ఓర్చుకోవాలి. పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత ఊపిరి ఉండాలి. మాటకీ మాటకీ మధ్య గుక్క తిప్పుకోవాల్సి వస్తే తగ్గించండి. బరువు గేరులో కాళ్లు బిగపట్టి తొక్కే బదులు తేలిక గేరులో నిమిషానికి 80, 90 చుట్లు తిప్పండి. చివరి కిలోమీటరు ఇంకో గేరు తగ్గించి, కాళ్లని వదులు చేసుకోండి. మిమ్మల్ని ఎవరైనా దాటితే దాటనివ్వండి. పందెం ఇంకా మూడో వంతు ఉంది.

నీళ్లు, తిండి కూడా ఇక్కడే చూసుకోవాలి. 1978 హవాయి పోటీలో జాన్ డన్‌బార్ అనే నేవీ మనిషి ముందంజలో ఉన్నాడు. మారథాన్ మధ్యలో ఆయన సహాయకుల దగ్గర నీళ్లు అయిపోయాయి. దాంతో బీరు తాగించారు. గోర్డన్ హాలర్ ఆయన్ని దాటి 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. మీకు రెండు గంటల పోటీలో అంత ఏర్పాటు అక్కర్లేదు. మొదలయ్యే రెండున్నర గంటల ముందు ఇడ్లీలు, అరటిపండు తినండి. కారం, నూనె వద్దు. సైకిల్ మీద పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు తాగండి. మన ఉక్కపోతలో చెమటతో ఉప్పు పోతుంది. వట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్ఎస్ పొడిని ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్లలో కలుపుకోండి. ఓఆర్ఎస్ పేరు తగిలించి అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి పానీయాల్లో పంచదార చాలా ఎక్కువ. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటివాటి మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఎప్పుడూ తాగని డ్రింకు, ఎప్పుడూ తినని జెల్ పోటీ రోజు ముట్టుకోవద్దు.

సైకిల్ దిగి పరుగు మొదలుపెడితే కాళ్లు మీవి కానట్టుంటాయి. అప్పటిదాకా గుండ్రంగా తిరిగిన కండరాలకి ముందుకి అడుగేయడం ఒక పట్టాన గుర్తుకు రాదు. దీనికి మందు ఒకటే. వారానికోసారి, సైకిల్ తొక్కి దిగిన వెంటనే పదిహేను నిమిషాలు పరిగెత్తండి. బ్రిక్ అంటారు దీన్ని. నెల తిరిగేసరికి ఆ మొద్దుబారిన అనుభూతి మొదటి కిలోమీటరులోనే పోతుంది. పోటీలో చిన్న చిన్న అడుగులతో మొదలుపెట్టండి. ప్రతి నీళ్ల టేబుల్ దగ్గరా ఇరవై అడుగులు నడవాలని ముందే నిర్ణయించుకోండి. ముందే అనుకుని నడిచినవాడు మళ్లీ పరుగందుకుంటాడు. ఓపిక చచ్చి నడక మొదలుపెట్టినవాడికి మళ్లీ పరుగందుకోవడం కష్టం.

సాధనకి పన్నెండు వారాలు, వారానికి ఐదారు గంటలు చాలు, అదీ మీకు ఇప్పటికే పూల్‌లో రెండు పొడవులు ఈదడం వస్తే. రాకపోతే ఈతకి ఇంకో రెండు మూడు నెలలు ముందే మొదలుపెట్టాలి. వారంలో మూడు రోజులు మీకు రానిదానికి, మరో మూడు రోజులు వచ్చినవాటికి, ఒక రోజు పూర్తి విశ్రాంతి. ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడండి. పొద్దున్న నాలుగున్నరకి మీరు వెళ్లిపోతే పిల్లల టిఫిన్ బాక్సులు ఎవరు కడతారు? మన ఇళ్లలో ఈ ప్రశ్న ఎక్కువగా ఆడవాళ్ల సాధననే ఆపేస్తుంది. భర్త సాధన చేస్తున్నప్పుడు భార్య సర్దుకుంటుంది. భార్య మొదలుపెడితే ఇల్లంతా సెలవు అడుగుతున్నట్టు చూస్తుంది. మగవాళ్లకి నా విన్నపం, వారంలో రెండు పొద్దుటలు వంటిల్లు మీ పేరు మీద రాసుకోండి, మీ పోటీ అయినా, ఆమె పోటీ అయినా.

చిన్న ఊరి పోటీలో చివరగా వచ్చే మనిషి వెనకే ఒక బండి వస్తుంటుంది. అది మీ వెనక వస్తే సిగ్గుపడకండి. ఆ దారిలో నీళ్లందించే కాలేజీ పిల్లలు, కూడలిలో నిలబడ్డ కానిస్టేబుల్, చెరువులో పడవ మీదున్న మత్స్యకారుడు తెల్లవారకముందు నుంచీ అక్కడున్నారు. పెద్ద నగరాల పోటీల్లో చివరివాళ్లు వచ్చేసరికి ఒక్కోసారి టెంటు ఊడదీస్తూ ఉంటారు. ఇక్కడ మీ పేరు తెలిసినవాళ్లు ఎవరో ఒకరు గీత దగ్గర ఉంటారు. వాళ్లందరికీ ఒక దండం పెట్టి రండి. మీ తర్వాతి పోటీకి వీలుంటే వాలంటీరుగా వెళ్లండి. స్టాండ్ల మధ్య ఓ గంట నిలబడితే అనుభవమున్నవాళ్లు ఎలా సర్దుకుంటారో కళ్లారా చూడొచ్చు.

మెడల్ ఎలాగూ ఇస్తారు. ఫలితాల కాగితం మాత్రం అడిగి తీసుకోండి. అందులో ఈత, మొదటి ట్రాన్సిషన్, సైకిల్, రెండో ట్రాన్సిషన్, పరుగు విడివిడిగా ఉంటాయి. మొత్తం సమయం కన్నా ముందు పరుగు అంకె చూడండి. మామూలు రోజుల్లో మీరు 5 కిలోమీటర్లు 32 నిమిషాల్లో పరిగెత్తే మనిషైతే, పోటీలో 35 పడిందంటే సైకిల్ మీద బాగా అదుపులో ఉన్నట్టే. 40 దాటిందంటే ఆ నిమిషాలు పరుగులో పోయినవి కావు, సైకిల్ మీద ఖర్చయినవి. ఇప్పుడు సైకిల్ అంకె పక్కన ఆ తేడా రాసిపెట్టుకుని, వచ్చే పోటీకి సైకిల్ ఎన్ని నిమిషాల్లో ముగించాలో దాన్నిబట్టి కొత్త అంకె వేసుకోండి.